బషీర్‌బాగ్ గట్టింగ్ షాపులో లాక్రోస్ స్టిక్ అల్లించాం

హైదరాబాద్‌లో లాక్రోస్ స్టిక్ బాగుచేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని వెతుకుతూ ఇటు వచ్చినవాళ్లకి ముందే జవాబు చెప్పేస్తున్నా: ఉన్నారు. (లాక్రోస్ అంటే చివర వల ఉన్న కర్రతో బంతి పట్టుకుని, విసిరి గోల్ కొట్టే టీమ్ ఆట.) ఎల్బీ స్టేడియం దగ్గర, బషీర్‌బాగ్ వైపు సందులో ఒక చిన్న గట్టింగ్ షాపు. షటిల్, టెన్నిస్ రాకెట్లకి గట్టింగ్ చేసే షాపే, లాక్రోస్ అనే మాట ఆ అన్న మొన్న జులైలో మా నోటి నుంచే మొదటిసారి విన్నాడు. అయినా ఐదుకి నాలుగున్నర ఇస్తున్నాను. ఆ అర ఎందుకు తగ్గించానో కూడా చెప్తాను.

స్టిక్ మా అక్క కూతురిది. అది పుట్టింది, పెరిగింది మేరీల్యాండ్‌లో. అక్కడ ఈ ఆట మనకి గల్లీ క్రికెట్ ఎలాగో అలాగ, 2004లో ఆ రాష్ట్రం లాక్రోస్‌ని తన అధికారిక టీమ్ క్రీడగా ప్రకటించుకుంది కూడా. స్కూల్లో మొదలుపెట్టి కాలేజీలో నాలుగేళ్లూ ఆడింది, మిడ్‌ఫీల్డర్‌గా. డివిజన్ త్రీ కాలేజీ, అంటే ఆటకని స్కాలర్‌షిప్ ఒక్క డాలర్ కూడా రాదు, చదువుకుంటూ, ఫీజు కట్టుకుంటూ, ఆట మీద ఇష్టంతోనే ఆడాలి. మొదటి ఏడాది ఎక్కువగా బెంచీ మీదే కూర్చుంది, రెండో ఏడాది డ్రా (ఆట మొదలుపెట్టేటప్పుడు బంతి కోసం ఇద్దరు పోటీపడటం) తీసుకునే బాధ్యత ఇచ్చారు, మూడో ఏడాది వాళ్ల కాన్ఫరెన్స్‌లో, అంటే వాళ్లు ఆడే కాలేజీల గ్రూపులో, మంచి ఆటగాళ్లని ఎంచి ప్రకటించే జాబితాలో రెండో టీమ్‌లో పేరు వచ్చింది, ఆఖరి ఏడాది కెప్టెన్. సెమీఫైనల్లో ఓడిపోయి ఇంటికొచ్చిన రోజు మా అక్క ఫోన్‌లో ఏడ్చింది, ఇది మాత్రం స్టిక్ తుడుచుకుంటూ కూర్చుందట. ఆ నాలుగేళ్లూ వాడిన స్టిక్ ఇదే. కొత్తది కొనొచ్చు కదా అని నన్ను అడగొద్దు, నేనే దాన్ని అడిగి, అది చూసిన చూపుకి ఊరుకున్నాను.

మొన్న మా వాళ్ల పెళ్లికని ఆరు వారాలు వచ్చింది. వెళ్లగానే అక్కడ ఒక క్లబ్ టీమ్‌కి ట్రైఔట్ (సెలెక్షన్) ఉంది కాబట్టి రోజూ పొద్దున మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ కాంపౌండ్ గోడకి బంతి కొట్టి పట్టుకోవడం, కుడి చేత్తో వంద, ఎడమ చేత్తో వంద. వీళ్లు వాల్ బాల్ అంటారు. మన జులై వానల సంగతి తెలిసిందే, స్టిక్ రెండుసార్లు తడిసింది, తోలు పట్టీలు సాగిపోయాయి, ఒకటి తెగింది కూడా.

ఆడపిల్లల స్టిక్ గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి, ఎందుకంటే మా అవస్థంతా దీనివల్లే వచ్చింది. స్టిక్ చివర ప్లాస్టిక్ చట్రం ఉంటుంది, దాన్ని హెడ్ అంటారు. పాత పద్ధతి అల్లికలో దానికి పొడుగ్గా నాలుగు తోలు పట్టీలు, వాటి మధ్య అడ్డంగా నైలాన్ దారం అటూ ఇటూ అల్లుకుంటూ పోతుంది, పైన, బంతి బయటికి వెళ్లే చోట, అడ్డంగా రెండు షూటింగ్ స్ట్రింగులు. బంతి కూర్చునే ఆ గుంటే పాకెట్. మగవాళ్ల ఆటలో పాకెట్ లోతుగా ఉండొచ్చు. ఆడవాళ్ల ఆటలో మాత్రం అంత లోతు కుదరదు, స్టిక్‌ని అడ్డంగా పట్టుకుని కంటికి సమానంగా చూస్తే బంతి పైభాగం అంచు మీదుగా కనబడాలి. అంపైర్లు తనిఖీ చేసినప్పుడు కనబడకపోతే ఆ స్టిక్‌తో ఆడనివ్వరు.

ఇది తెలియక, తెలుసుకోవాలని కూడా అనుకోక, మేము మొదట వెళ్లిన ఒక పెద్ద షోరూమ్ వాళ్లు (పేరు రాయను) వారం రోజులు స్టిక్ పెట్టుకుని, ఉన్న తోలు పట్టీలన్నీ కత్తిరించేసి, చేపల వలలాంటి నైలాన్ సంచీ కట్టి ఇచ్చారు. బంతి వేస్తే అడుగుకి జారిపోయి కనబడటమే మానేసింది. నాలుగు పట్టీల్లో మూడు తెగకుండానే ఉన్నాయి, వాటిని దాచి ఇవ్వాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. పిల్ల నోరు తెరిచి ఒక్క మాట అనలేదు, కారెక్కాక, "పిన్నీ, ఆ లెదర్ నా చేతికి అలవాటు పడటానికి రెండేళ్లు పట్టింది" అంది. నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

మా అబ్బాయి షటిల్ రాకెట్‌కి ఇరవై నాలుగు పౌండ్ల టెన్షన్‌తో గట్టింగ్ ఎప్పుడూ బషీర్‌బాగ్‌లోనే చేయిస్తాం, అక్కడ అడిగి చూద్దాం అన్నాడు వాడే.

షాపు అంటే పదడుగుల గది. గట్టింగ్ మెషీన్, గోడకి వేలాడే రాకెట్లు, నిలబడటానికి ఇద్దరికి చోటు. ఆ అన్న స్టిక్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, బంతి అడిగాడు. రాకెట్ బరువు చూసే చిన్న కాటా మీద పెడితే 146 గ్రాములు. షటిల్ అయితే ఐదు గ్రాములు, టెన్నిస్ బంతి అరవై లోపే, ఇది క్రికెట్ బంతికి కాస్త తక్కువ. "ఇంత బరువు దీంట్ల కూసోవాలె, మళ్ల జారాలె" అని తనలో తాను అనుకుని, పిల్ల వైపు తిరిగి అడిగిన మొదటి ప్రశ్న: "అమ్మా, నువ్వు ఎక్కడ ఆడతవ్? ముందా, ఎనకనా?"

ఈ రివ్యూ రాయడానికి కారణం ఈ ప్రశ్నే. షోరూమ్‌లో రేటు చెప్పారు, కలర్ అడిగారు, ఈ మాట ఎవరూ అడగలేదు.

కౌంటర్ మీద షటిల్ డబ్బాలు పేర్చి చూపించింది మా పిల్ల. ఇటు గోలు, అటు గోలు, మైదానం మొత్తం పొడవు దాదాపు 110 గజాలు. అటాక్ వాళ్లు అక్కడ, డిఫెన్స్ వాళ్లు ఇక్కడ ఉంటారు, మిడ్‌ఫీల్డర్ మాత్రం ఆ చివర గోల్ కొట్టి ఈ చివరకి కాపలాకి రావాలి, పదిహేనేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు ఇదే పని. గోల్ పడ్డ ప్రతిసారీ మధ్యలో డ్రా. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి స్టిక్‌ల వీపులు ఆనించి పట్టుకుంటారు, మధ్యలో బంతి పెడతారు, విజిల్ పడగానే ఇద్దరూ పైకి లాగుతారు, బంతి తలల మీదకి లేస్తుంది, ఎవరు అందుకుంటే ఆట వాళ్ల చేతికి వెళ్తుంది. మా పిల్ల పేరు నిలబడింది ఆ డ్రాలోనే. అందుకని దాని స్టిక్‌కి రెండూ కావాలి, పరిగెడుతున్నప్పుడు ఎవరైనా స్టిక్ మీద కొట్టినా బంతి కదలకూడదు, పాస్ ఇవ్వాలనుకున్న క్షణంలో అతుక్కోకూడదు.

ఆయన చాలాసేపు విన్నాడు. తర్వాత, "అక్కా, ఇది గట్టింగ్ కాదు, నులక మంచం అల్లిక" అన్నాడు. వాళ్ల నాన్న మంచాలు అల్లేవాడట. మంచం మధ్యలో ఎంత కుంగాలో కాళ్ల వైపు తాళ్లు లాగి సరిచేస్తారు చూడండి, సరిగ్గా అలాగే ఈ స్టిక్‌కి కూడా పట్టీల కొసలు హెడ్ అడుగున కట్టి ఉంటాయి, వాటిని లాగితే పాకెట్ బిగుస్తుంది, వదిలితే లోతవుతుంది. మెషీన్‌కి దీంతో పని లేదు, అంతా చేతి లెక్కే. అమెరికాలో ఈ ఆటని పుట్టించిన ఆదివాసులు కూడా హికరీ కర్ర వంచి తోలుతో, జంతువుల నరంతో అల్లుకునేవారు. మనం గట్టింగ్ అంటున్న మాటలోని గట్ కూడా మొదట్లో జంతువుల పేగుతో చేసిందే కాబట్టి ఆయన చేతికి ఇది మరీ పరాయి పనేం కాదు.

తోలు ఆ సందులోనే బెల్టులు కుట్టే ఒక పెద్దాయన దగ్గర తెప్పించాడు. నాలుగు పట్టీలు ఒకే వెడల్పుగా కోయించి, నూనె రాసి, ఒక రాత్రి బరువు కట్టి వేలాడదీశాడు, తర్వాత సాగకుండా. పిల్ల ఫోన్‌లో పాత మ్యాచ్ ఫొటోలు అడిగి, పెద్దది చేసి, దారం ఎక్కడెక్కడ దాటిందో కాగితం మీద గీసుకున్నాడు. ఆ ఫొటోల మధ్యలో ఇంకొకావిడ ఫొటో కనబడితే ఎవరమ్మా అని అడిగాడు, ఇక మా దానికి మాట ఆగలేదు.

ఆవిడ టేలర్ కమింగ్స్. యూనివర్సిటీ ఆఫ్ మేరీల్యాండ్ మిడ్‌ఫీల్డర్. మా అక్క వాళ్ల ఇల్లు ఆ యూనివర్సిటీ ఉన్న కాలేజ్ పార్క్ ఊరికి దగ్గరే, పదకొండు, పన్నెండేళ్ల వయసులో ఇది ఆవిడ ఆట చూడ్డానికి ప్రతి సీజన్ వెళ్లేది. 2014లో, 2015లో మేరీల్యాండ్ జాతీయ చాంపియన్. 2016లో ఒక్క ఓటమి లేకుండా ఫైనల్ దాకా వచ్చి నార్త్ కరోలినా చేతిలో ఓడారు. అయినా ఆ మూడేళ్లూ టెవారటన్ అవార్డు ఆవిడకే, కాలేజీ లాక్రోస్‌లో అన్నిటికన్నా పెద్దది అదే, పేరు మోహాక్ భాషలో ఈ ఆటకున్న పేరు. మూడుసార్లు గెలిచిన మొదటి మనిషి ఆవిడే. 2017లో ఇంగ్లండ్‌లో జరిగిన వరల్డ్ కప్ గెలిచిన అమెరికా జట్టులోనూ ఉంది. మా పిల్ల మాత్రం గోల్స్ లెక్క చెప్పదు, డ్రా గెలవడం, కింద పడ్డ బంతి ఎత్తుకోవడం, వెనక్కి పరిగెత్తి అవతలివాళ్ల బంతి లాక్కోవడం, ఇవన్నీ ఒకే మనిషి చేసేదని చెప్తుంది. నాకు ఈ ఆట అర్థమైంది ఆ షాపులో నిలబడి వింటేనే. ఇన్నేళ్లు ఫోన్‌లో "మ్యాచ్ గెలిచావా అమ్మా" అని మాత్రమే అడిగాను, నువ్వు అక్కడ ఏం చేస్తావు అని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ అన్న అడిగాడు.

రెండ్రోజులన్నాడు, ఐదో రోజుకి రమ్మన్నాడు. స్టిక్ అడ్డంగా పట్టుకుని కంటికి సమానంగా చూస్తే బంతి అంచుకి ఒక నూలు కిందకి ఉంది. విప్పి మళ్లీ కట్టాడు. ఈసారి బాగా కనబడింది కానీ, సందులో గోడకి కొట్టి చూస్తే బంతి నేలకేసి పోతోంది, పైన షూటింగ్ స్ట్రింగ్‌కి తగిలి ఆలస్యంగా వదులుతోందని ఇది చెప్పింది. ఆయన విసుక్కోలేదు. స్ట్రింగ్ కాస్త వదులు చేసి, ఇంకోసారి కొట్టమని, బంతి గోడ మీద ఎక్కడ తగులుతోందో పక్కన నిలబడి చూసి, మళ్లీ వదులు చేసి, అలా మూడుసార్లు. మూడోసారి ఒకటే చోట తగలడం మొదలైంది, టప్, టప్ అని, కుడి చెయ్యి, ఎడమ చెయ్యి. పిల్ల స్టిక్‌ని చెవి పక్కన పెట్టుకుని మణికట్టుతో ఊపుతూ రెండడుగులు పరిగెత్తింది, బంతి లోపల కదల్లేదు. అప్పుడు దాని మొహం మీరు చూడాలి.

మొత్తం ఆరు వందలు తీసుకున్నాడు, తోలుతో కలిపి. షోరూమ్‌లో పాడు చేయించుకున్నదానికి ఇచ్చింది ఇంతకి రెట్టింపు. ఇంకో వంద ఇవ్వబోతే వద్దన్నాడు, మిగిలిన తోలు ముక్క కూడా చుట్టి ఇచ్చాడు, అక్కడ తెగితే పనికొస్తుందని. 2028 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లో మన క్రికెట్‌తో పాటు లాక్రోస్ కూడా ఉంటుందని, ఆ నిర్ణయం 2023 అక్టోబర్‌లో మన ముంబైలో జరిగిన మీటింగ్‌లోనే తీసుకున్నారని చెప్తే, "అట్లయితే ఈ గీసుకున్న కాగితం పెట్టుకుంట" అని కౌంటర్ అద్దం కింద పెట్టుకున్నాడు.

ఇక ఆ అర మార్కు. చెప్పిన రోజుకి ఇవ్వరు, ఫోన్ ఎత్తరు, నేను నాలుగు రోజుల్లో తొమ్మిదిసార్లు చేశాను, ట్రైఔట్ తేదీ దగ్గర పడుతున్న టెన్షన్‌లో అది చాలా ఇబ్బంది పెట్టింది. కనీసం ఇంకా అవలేదని ఒక మెసేజ్ పెట్టినా బాగుండేది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా షట్టర్ సగం దించి ఉంటుంది, ఆ టైమ్‌లో వెళ్లి నేను ఒకసారి వెనక్కి వచ్చాను. బండి పెట్టడానికి సందులో చోటు లేదు, అసెంబ్లీ మెట్రో దగ్గర దిగి నడిచి వెళ్లడమే మంచిది.

స్టిక్ బాగున్నప్పటి ఫొటో ఒకటి, ముందు నుంచి, పక్క నుంచి తీసింది, వెంట తీసుకెళ్లండి. ఆడే పిల్లల్ని కూడా తీసుకెళ్లండి, ఎందుకంటే ఆయన అడిగేది వాళ్లనే. ప్రయాణం దగ్గర పెట్టుకుని ఇవ్వొద్దు, పది రోజుల ముందే ఇచ్చేయండి.