విమాన దూరం చెప్పే కాలిక్యులేటర్: ఆరేళ్ల వాడకం తర్వాత

నల్లగొండలో లెక్కల సారుగా పనిచేసి రిటైరైన నేను, మా బిడ్డ డల్లాస్‌లో స్థిరపడినప్పటి నుంచి, అంటే ఆరేళ్లుగా, రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్నీ ప్రయాణ సమయాన్నీ లెక్కగట్టి చూపే ఒక వెబ్‌సైట్‌ను వాడుతున్నాను. అది చెప్పే దూరాన్ని నమ్మవచ్చు. సమయాన్ని నమ్ముకొని మాత్రం బయలుదేరకూడదు.

శంషాబాద్ నుంచి డల్లాస్–ఫోర్ట్‌వర్త్‌కు అది సుమారు 14,420 కిలోమీటర్లు చూపుతుంది. మొదటిసారి పటంలో ఆ గీత ఉత్తర ధ్రువం దగ్గరగా పోవడం చూసి తప్పేమోనని అనుమానించి, ఇంట్లోని పాత గ్లోబు దించి, హైదరాబాద్ మీద దారం కొసను బొటనవేలితో అదిమిపట్టి డల్లాస్ దాకా బిగించాను. దారం తనంతట తానే పైకి జరిగి, రష్యా మీదుగా దాదాపు 85 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి, కెనడా మీదుగా దిగింది. వెబ్‌సైట్‌దే ఒప్పు. ఒక్కో సైట్ కొన్ని కిలోమీటర్లు అటూ ఇటూ చూపడానికి కారణం, భూమిని కొందరు నిండు గోళంగానూ కొందరు ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయిన రూపంగానూ తీసుకోవడమే. ఊరి పేరు కొట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం: సింధ్‌లోనూ ఒక హైదరాబాద్ ఉంది, దానికీ విమానాశ్రయం ఉంది.

సమయం దగ్గరికి వస్తే ఈ పనిముట్టు దూరాన్ని గంటకు 900 కిలోమీటర్లతో భాగించి, 16 గంటలని చెప్పి ఊరుకుంటుంది. మేము ఎప్పుడూ దుబాయ్‌లో మారే వెళ్తాము. హైదరాబాద్–దుబాయ్ 2,550, దుబాయ్–డల్లాస్ సుమారు 12,900 కిలోమీటర్లు కాబట్టి చుట్టు తిరుగుడు సుమారు వేయి కిలోమీటర్లేనని ఇదే వెబ్‌సైట్ వల్ల తెలిసింది. ఆ మేలు ఒప్పుకోవాలి. కానీ గాలిలో నాలుగు గంటలు, నడుమ ఆగేది మూడు నాలుగు గంటలు, మళ్లీ 16 గంటలు కలిపితే రోజంతా అవుతుంది. దీనికి నార్కట్‌పల్లి, చౌటుప్పల్, పెద్ద అంబర్‌పేట మీదుగా ఔటర్ ఎక్కి శంషాబాద్ చేరే రెండున్నర గంటలనూ, విమానానికి ముందు మూడు గంటలనూ కలుపుకోవాలి. సంక్రాంతి తిరుగు ప్రయాణాల్లో పంతంగి టోల్‌గేట్ దగ్గర పట్టే సమయం ఏ లెక్కకూ అందదు. పైగా, విమానాలు ఎగిరే ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే బలమైన గాలుల వల్ల డల్లాస్ నుంచి దుబాయ్‌కి తిరిగి రావడానికి పోయినప్పటికంటే గంటన్నర దాకా తక్కువ పడుతుంది; వెబ్‌సైట్‌కు రెండు దిక్కులూ ఒకటే.

నాకు నిజంగా ఇబ్బంది తెచ్చింది గడియారాల తేడా. ఒక ఫిబ్రవరిలో చూస్తే అది 11.30 గంటల తేడా చూపింది. మార్చి చివరి ప్రయాణానికి అదే పట్టుకొని, నా భార్య సుగర్ మాత్రల వేళలు చీటీ మీద రాసి పాస్‌పోర్టులో పెట్టాను. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలను గంట ముందుకు జరుపుతారు కాబట్టి తేడా అప్పటికి 10.30కి తగ్గింది, ప్రయాణం నేను వేసుకున్నదానికంటే గంట తక్కువని తేలింది, చీటీ చివరి వేళలన్నీ తప్పాయి. ప్రయాణ తేదీ అడిగే గడి ఒకటి పెడితే ఈ లోపం తీరుతుందని వాళ్లకు రెండుసార్లు రాశాను. ఇంతవరకూ జవాబు లేదు.