ఆరేళ్ల మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్: వత్తుల దగ్గర గెలిచింది, కొవ్వొత్తి దగ్గర ఓడింది

హన్మకొండలో మా చర్చి క్వాయర్‌కు స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద స్వరాలు, కింద పాట మాటలు) కాపీలు తయారుచేసే పని ఆరేళ్లుగా నాదే. మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్ అంటే ఒక సాఫ్ట్‌వేర్‌లో రాసిన నొటేషన్ ఇంకో దాంట్లో కూడా తెరుచుకునేలా దాచే ఫైల్ ఫార్మాట్, 2004 నుంచీ ఉన్నదే. నాకు దాని మీద ఇష్టం ఒక్క కారణంతో: పాట ఒక్కటే కాదు, అది కాగితం మీద ఎలా కూర్చోవాలో కూడా అందులో మామూలు అక్షరాల్లో ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చెయ్యి పెట్టొచ్చు.

స్వరాల కింద చరణాల మాటలు ఒకదాని కింద ఒకటి వస్తాయి. వాటి మధ్య ఇంగ్లిష్ పాటల లెక్కన వదిలే ఎడం తెలుగుకు చాలదు. మొదటి చరణంలో ‘క్రీస్తు’ తావత్తు కిందికి దిగుతుంది, సరిగ్గా దాని కిందే రెండో చరణంలో ‘నీ’ గుడిదీర్ఘం పైకి లేస్తుంది. జిరాక్స్‌లో రెండూ కలిసి నల్లటి ముద్ద. ఫైల్ తెరిస్తే, పాట మాటలుండే ప్రతి లిరిక్ ట్యాగులో (ట్యాగంటే ఫైల్‌లో ఏది ఏమిటో చెప్పే గుర్తు) డిఫాల్ట్-వై అని ఒక అంకె కనిపించింది. స్టాఫ్ పై గీత నుంచి కిందికి కొలత అది. ఐదు గీతల ఎత్తు మొత్తం కలిపి 40. నా ఫైల్‌లో మొదటి చరణం -80, అంటే అడుగు గీతకు ఇంకో స్టాఫంత కింద. రెండోది -100. దాన్ని -112 చేసి రీప్లేస్ ఆల్ కొట్టాను. (తొందరపడి -100లన్నీ మార్చేస్తే గట్టిగా, మెల్లగా పాడమని చెప్పే డైనమిక్స్ గుర్తులు కూడా కిందికి జారాయి. లిరిక్ ట్యాగుతో కలిపి వెతకాలి.) ఒక్కో అక్షరాన్ని మౌస్‌తో లాగే బాధ ఆ రోజుతో తీరింది. చాలాకాలం ఎవరు అడిగినా ‘ఇంతకు మించింది లేదు’ అనేవాణ్ణి.

తర్వాత ఆ క్రిస్మస్ వచ్చింది. కరీంనగర్ క్వాయర్‌తో కలిసి పాడాలి. ఫైల్ పంపితే అక్కడి తమ్ముడు తన సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, అందరికీ ప్రింట్లు తీయించి తెచ్చాడు. రిహార్సల్‌లో పల్లవి మధ్యలో సొప్రానోలు (పై గొంతు పాడే ఆడవాళ్లు) ఆగిపోయారు. ‘సార్, ఈడ పేజీ ఎట్ల తిప్పాలె? ఒక చేతిల కొవ్వొత్తి ఉంటది గదా!’ నేను రెండు పేజీల్లో, ఊపిరి తీసుకునే చోట లైను విరిగేలా సర్దిన పాట మూడు పేజీలైంది. పొడుగు స్వరం సగం ఇటు, సగం అటు.

‘నీ సాఫ్ట్‌వేర్ ఆగం చేసింది’ అని వాడి మీద అరిచాను. ‘నేనేం ముట్టలే అన్నా, వచ్చింది వచ్చినట్టే తీసిన’ అన్నాడు. రాత్రి ఫైల్ తెరిచాను. కొత్త లైను మొదలయ్యే బార్‌లో (నిలువు గీతల మధ్య గడిలో) ప్రింట్ ట్యాగు ఉండాలి, అందులో న్యూ-సిస్టమ్ యెస్ అని ఉండాలి. ఒక్కటీ లేదు. ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్స్‌లో లైను, పేజీ విరుపులు రాయొద్దని ఉంది. అంతకుముందు ఎప్పుడో ఇంకో పనికి నేనే పెట్టి మర్చిపోయాను. తమ్ముడికి ఫోన్ చేసి సారీ చెప్పాను.

సెట్టింగ్ మార్చి మళ్లీ పంపితే లైన్లు, పేజీలు ఉన్నవి ఉన్నట్టు వచ్చాయి. వత్తులు మాత్రం మళ్లీ ముద్ద! వాడి సాఫ్ట్‌వేర్ ప్రింట్ ట్యాగు మాట విన్నది, డిఫాల్ట్-వై మాట వినలేదు. నేను అంతగా పొగిడిన -112 మా ఇంటి కంప్యూటర్‌లోనే చెల్లుతుందని అప్పుడు తెలిసింది. ఫైల్‌లో రాసి ఉన్నంత మాత్రాన తెరిచేవాడు పాటించాలని లేదు. పరిశోధన చేసేవాళ్లు వాడే ఎంఈఐ అనే ఇంకో ఫార్మాట్‌లో లైను విరుపుకు విడిగా మైలురాయి లాంటి ఖాళీ ట్యాగు, ఎస్‌బీ అని ఉంటుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది కానీ, మా తమ్ముడి దగ్గర అది తెరుచుకోదు.

నావి రెండు పేజీల పాటలు, నాలుగు గొంతులు. నాకైతే దిద్దుకోవడానికి, దాచుకోవడానికి మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్ ఫైలే. పెద్ద ఆర్కెస్ట్రా స్కోర్లు వేసేవాళ్ల కష్టాలు వేరే ఉంటాయి. కరీంనగర్‌కు ఇప్పుడు రెండు ఫైళ్లు పోతున్నాయి: తమ్ముడు మార్చుకోవడానికి మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్, జిరాక్స్‌కు పీడీఎఫ్.