టర్కీ ఎంబ్రాయిడరీ టవల్, టేబుల్ క్లాత్, న్యాప్‌కిన్లు: ఉల్టా తిప్పి చూసి రాస్తున్న రివ్యూ

మా మరిది ఆఫీసు పని మీద ఇస్తాంబుల్ పోయి వచ్చుకుంట గ్రాండ్ బజార్ల మూడు రకాలు కొనుక్కొచ్చిండు, ఒక పొడుగు టవల్, ఒక తెల్ల టేబుల్ క్లాత్, అంచుకు లేసు పువ్వులున్న చిన్న న్యాప్‌కిన్లు ఆరు. నల్గొండల ఇసొంటివి చూసినోళ్లు తక్కువ కదా, ఇంటికొచ్చినోళ్లందరు ఎంత పడ్డది, ఉతకొచ్చా, అసలు చేతిపనేనా అని ఒకటే అడుగుడు, అందుకే ఇక్కడ రాసి పెడుతున్న.

ముందు టవల్ సంగతి, మూడింట్ల పైసలు పెట్టదగ్గది అదే. దీన్ని అక్కడ పెష్కిర్ అంటరు. ఒట్టోమన్ల కాలంల తిన్నంక కూసున్న కాడికే నీళ్లు తెచ్చి చేతుల మీద పోసి, తుడుచుకోనీకి ఇది ఇచ్చేటోళ్లు. నడుమంత ఉత్త గుడ్డ, పనంత రెండు కొసలకే. మా దాంట్ల ఎర్ర తులిప్ పువ్వులు, కార్నేషన్లు, వాటి నడుమ సన్నటి బంగారు రంగు రేకు. సీదా ఏదో ఉల్టా ఏదో చెప్పు అని మా అత్తమ్మ చేతికిస్తే కళ్లద్దాలు పెట్టుకొని తిప్పి తిప్పి చూసింది, ఒక్క ముడి దొరకలే, వేలాడే పోగు దొరకలే. మన దిక్కు మగ్గం వర్క్ జాకెట్ ఎంత గ్రాండ్‌గ ఉన్నా ఉల్టా తిప్తే అన్నీ ముళ్లే, లైనింగ్ వేసి దాస్తం. ఇండ్ల దాసుడే లేదు. గుడ్డల పోగులు లెక్కపెట్టుకుంట కుడతరు, గీత కావాల్నంటే పోయేటప్పుడు ఒక కుట్టు వేసి ఒకటి విడిచిపెట్టుకుంట పోతరు, మళ్లొచ్చేటప్పుడు విడిచిన సందులు నింపుకుంట వస్తరు, గందుకే రెండు దిక్కుల ఒకటే గీత పడతది. దారం కొసలేమో కుట్ల కిందికే దోపేస్తరు. ఒక ఆకు కాడ పచ్చ రంగు సగం నుంచి జర లేతగ మారింది, దారం అయిపోయి ఇంకో లడి తీసిండ్రు కావచ్చు, నాకైతే మొత్తం టవల్ల ఆ ఆకే మస్తు నచ్చింది.

రెండు దిక్కుల ఒక్క తీరుగుండుడు మనకేం కొత్త కాదు, పుట్టపాక తేలియా రుమాళ్లు, కొయ్యలగూడెం దుప్పట్లు చూస్తనే ఉన్నం. కాకపోతే మనోళ్లు పోగుకే ముందు రంగు అద్ది తర్వాత నేస్తరు, ఇక్కడ నేసిన గుడ్డ మీద ఉత్త సూదితోని అది తెచ్చుడు, ఓపికకు దండం పెట్టాలె.

టేబుల్ క్లాత్ కాడనే దెబ్బ తిన్నం. ఆంటెప్ పని అని చెప్పి అమ్మిండ్రు. టర్కీల గాజియాంటెప్ అనే ఊరి దిక్కు చేసే అసలు పని ఎట్లుంటదంటే, గుడ్డల నుంచి కొన్ని పోగులు లాగేసి, మిగిలిన పోగులకు దారం చుట్టి జాలీ లేపుతరు, ఎక్కువగ తెలుపు మీద తెలుపే. మా దాంట్ల పోగు లాగిన జాడనే లేదు, గుడ్డకు బొక్కలు కోసి చుట్టూ మిషిన్ కుట్టు కొట్టిండ్రు, కింది దారం వేరే, ప్రతి పువ్వు అచ్చు దించినట్టు ఒకటే. గడియారం సెంటర్ కాడ మగ్గం వర్క్ చేసే అమ్మాయికి చూపిస్తే చేతిల పట్టుకోకముందే "కంప్యూటర్ వర్క్ అక్కా ఇది" అన్నది. తీసుకున్నది మాత్రం చేతిపని రేటే. షాపు పేరు రాయను గానీ మీ వాళ్లెవరన్న పోతుంటే గుడ్డ మూల ఉల్టా తిప్పి చూసినంకనే పైసలు తియ్యమనండి.

న్యాప్‌కిన్లు బాగున్నయి. అంచుకు ఓయా అని సూదితోనే ముడి మీద ముడి వేసి చిన్న చిన్న పువ్వులు చేస్తరు, రెక్కలు లేచి నిలబడతయి. ఎక్కువగ ఆడోళ్ల తలగుడ్డలకు వేస్తరు, పెండ్లి సామాన్ల కూడ పెడతరు. ఎర్ర మిరపకాయ ఓయా వేసుకుంటే మొగని మీద కోపమున్నట్టు లెక్క అంటరు, మా ఇంట్లకు అసొంటిది ఒకటి తెస్తే బాగుండు. వీటితోని మూతి తుడుసుకోబుద్ధి కాదు, ట్రే మీద పరిచి చాయ్ ఇస్తున్న.

ఉతుకుడు మాటకొస్తే, టవల్ మూలకు తడి దూది అద్ది చూస్తే ఎరుపు అంటింది, కాబట్టి నీళ్లల్ల ముంచేది లేదు. రేకు ఉన్న కాడ మడత పెట్టొద్దు, విరుగుతది, పాత కాటన్ చీర ముక్కల చుట్టి పెట్టుకోవాలె. ఒక్క టవల్‌కే 6 వేల పైన పడ్డది, చేతిపనికి అది ఎక్కువేం కాదు నన్నడిగితే. ఆ కంప్యూటర్ వర్క్ క్లాత్ డైనింగ్ టేబుల్ మీద రోజూ వాడుతున్నం, మొన్న మా చిన్నోడు పచ్చిపులుసు గిన్నె మొత్తం దాని మీదనే బోర్లేసిండు, ఒక్క ఉతుకుకే మరక పోయింది, ఆ మార్కు మాత్రం దానికి ఇయ్యాల్సిందే.