‘బాబీ’ రాజ్‌దూత్ కొంటున్నారా? టోకెన్ వేసే ముందు ఇది చదవండి

హైదరాబాద్‌లో పాత టూ స్ట్రోక్ బండ్లు సేకరించేవాళ్లకు ఒక హెచ్చరిక. మనం ‘బాబీ’ అని పిలుచుకునే చిట్టి బండి రాజ్‌దూత్ జీటీఎస్ 175 ఉంది కదా, ఆ పేరు చెప్పి మామూలు రాజ్‌దూత్‌లను కోసి, అతికించి అమ్ముతున్నారు. పాతబస్తీలో నాకు అలాంటిదే ఒకటి తగిలింది. టోకెన్ కింద వేసిన ఇరవై వేలు ఇంకా తిరిగి రాలేదు.

1973లో వచ్చిన ‘బాబీ’ సినిమాలో రిషి కపూర్ నడిపాక దీనికి పట్టిన క్రేజ్ ఇప్పటికీ వదల్లేదు. దొరికేవి తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. పైగా ఇందులో ఉండేది మామూలు రాజ్‌దూత్ 175 ఇంజినే, అదే 173 సీసీ సింగిల్ సిలిండర్. అందుకే ఇంజిన్ ఎంత చూసినా దొంగతనం బయటపడదు. కిక్ కొడితే స్టార్ట్ అవుతుంది, పొగ వదులుతుంది, ఆ పాత చప్పుడు చెవిన పడగానే మనవాళ్లకి మిగతావేవీ కనిపించవు. మోసమంతా ఫ్రేమ్‌లోనూ కాగితాల్లోనూ ఉంటుంది.

నేను వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంది. ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. చల్లటి బండి ఎన్ని కిక్కులకు లేస్తుందో మీరే చూడాలి. సీటు విప్పి చూపించమంటే "పెయింట్ కొత్తది అన్నా, గీతలు పడతాయి" అన్నాడు. ఒరిజినల్ ఆర్‌సీ నిజామాబాద్‌లో మామ దగ్గర ఉందట, టోకెన్ వేస్తే రేపే తెప్పిస్తాడట. సాయంత్రం కర్నూలు పార్టీ వస్తోందని తొందర కూడా పెట్టాడు. ఈ ‘కర్నూలు పార్టీ’ ప్రతి అమ్మకంలోనూ వస్తుంది, ఎప్పుడూ కొనదు!

అన్నిటికంటే పెద్ద ఎర ‘వీఏ’ నంబర్, అంటే పాతకాలపు (వింటేజ్) బండ్లకిచ్చే ప్రత్యేక రిజిస్ట్రేషన్. "వింటేజ్ ప్లేట్ గ్యారంటీ" అన్నాడు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రూల్స్ ప్రకారం బండికి యాభై ఏళ్లు దాటాలి, ఛాసిస్, ఇంజిన్, బాడీలో పెద్ద మార్పులేవీ ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజే 20,000 రూపాయలు. తర్వాత ఆర్‌సీ చేతికొచ్చాక చూస్తే అందులో తయారీ సంవత్సరం 1982, మోడల్ మామూలు రాజ్‌దూత్. అంటే ఏ మార్పూ లేని బండైనా 2032 దాకా ఆగాల్సిందే. ఇక కోసి అతికించినదానికి ఆ ప్లేట్ ఎప్పటికీ రాదు.

నాకు తెలిసిన మెకానిక్‌ని తీసుకెళ్లి బలవంతంగా సీటు విప్పించాను. వెనక గొట్టాల మీద గ్రైండర్ గీతలు, వాటి మీద లావుగా కొత్త వెల్డింగు, పైన పుట్టీ. ఛాసిస్ నంబర్‌లో చివరి రెండు అంకెలు మిగతావాటికంటే లోతుగా, కాస్త పక్కకి ఒరిగి ఉన్నాయి. నంబర్ తిరగ్గొట్టిన బండి అని తేలితే సీజ్ చేస్తారు. అప్పుడు స్టేషన్ చుట్టూ తిరిగే టెన్షన్ అమ్మినవాడికి కాదు, మనకే.

అందుకే ఛాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోండి, ఒరిజినల్ ఆర్‌సీతో అంకె అంకె సరిచూడండి. ఒక చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్లండి, పుట్టీ ఉన్నచోట అది సరిగా పట్టదు. పాత బుక్కు ఆర్‌సీ అయితే వాహనాల వివరాలు చూపే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో బండి నంబర్ కనిపిస్తుందో లేదో చూడండి. కనిపించకపోతే మోసమనే కాదు, ఆన్‌లైన్‌లోకి ఎక్కి ఉండకపోవచ్చు. అలాంటప్పుడు అమ్మేవాడే ఆర్టీఏ ఆఫీసులో ఎక్కించుకుని రావాలి, ఆ పని మీ నెత్తిన వేసుకోవద్దు. బండిని మన పేరు మీదికి మార్చే ఫారం 29, 30 మీద అమ్మేవాడి సంతకాలు ఆర్‌సీలో పేరున్న మనిషివే కావాలి, మామవి కాదు.

టోకెన్ వాపస్ అడిగితే నా నంబర్ బ్లాక్ చేశాడు. సైబర్ క్రైమ్ వాళ్ల 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. అదే బండిని ఎరుపు తీసేసి నీలం రంగు వేసి మళ్లీ అమ్మకానికి పెట్టాడు. ట్యాంక్ కుడివైపు మూత కింద బొటనవేలంత సొట్ట ఉంటుంది, చూసుకోండి.