అడిగి మందు రాసే ఓపీ: ఒక మానసిక వైద్య సేవపై సమీక్ష

స్కిజోఫ్రీనియాకు, అంటే లేని మాటలు వినిపించడం వంటి లక్షణాలున్న మానసిక జబ్బుకు, చికిత్స పొందుతున్నవారి కోసం ఒక మానసిక వైద్య విభాగం ప్రత్యేకంగా నడుపుతున్న మందుల సమీక్షా సేవకు మా తమ్ముడు కొంతకాలంగా వెళ్తున్నాడు, తోడుగా నేను వెళ్తున్నాను. భవనం, కుర్చీలు, నిరీక్షణ వంటి విషయాలను పక్కన పెట్టి, నేను ఇక్కడ ఒక్క సంగతినే చూడదలచుకున్నాను: మందు మింగే మనిషి ఏం కోరుకుంటున్నాడో, దేన్ని భరించలేడో, ఆ మందు రాసే డాక్టరుకు తెలుస్తోందా? ఆ విషయంలో ఈ సేవకు మంచి మార్కులే వేస్తాను గాని, పూర్తి మార్కులు వేయలేను.

ఇంతకు ముందు చూపించిన చోట, ఆ పేరు ఇక్కడ అనవసరం, డాక్టరు గదిలో పని రెండు ప్రశ్నలతో ముగిసేది: చెవిలో మాటలు వినిపించడం తగ్గిందా, మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నాడా. ఆ రెండింటినీ నన్నే అడిగేవారు. ఈ జబ్బుకు వాడే రిస్పెరిడోన్ అనే మందు మోతాదు పెంచాక తమ్ముడికి కాళ్ళు నిలవకుండా పోయాయి. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే నడవాలనిపించేది, ఎంత నడిచినా ఊరట ఉండేది కాదు. దాన్ని జబ్బు ముదరడంగా భావించి అక్కడ మోతాదు ఇంకా పెంచారు, దాంతో బాధ కూడా ఇంకా పెరిగింది. మందు వల్ల కలిగే ఈ అస్థిమితాన్ని అకథీసియా అంటారని, దాన్ని జబ్బు తాలూకు ఆందోళనగా పొరబడటం మానసిక వైద్యంలో ఎప్పటినుంచో ఉన్నదేనని మాకు తరువాత తెలిసింది.

కొత్త చోట డాక్టరమ్మ కాగితాలు తెరవకముందే బల్ల కింద ఆగకుండా కదులుతున్న వాడి పాదాలను గమనించి, ‘ఈ కాళ్ళ బాధ మీకు ఎప్పటినుంచి ఉంది?’ అని నేరుగా వాణ్ణే అడిగారు. మోతాదును మెల్లగా తగ్గించి, కొన్నాళ్ళ పాటు ఆ అస్థిమితాన్ని తగ్గించే ప్రొప్రనలాల్ అనే మందు కూడా ఇచ్చారు. కాళ్ళు కుదుటపడ్డాకే అసలు సమీక్ష మొదలైంది. బరువు పెరగడం, పగటి మగత, చేతుల వణుకు, కాళ్ళ అస్థిమితం, నిద్రలో చొంగ కారడం, లైంగిక సమస్యలు, తరచూ రక్త పరీక్షలు, ఇంజెక్షన్లు అని వరుసగా రాసి ఉన్న ఒక కాగితాన్ని వాడి ముందు పెట్టి, వీటిలో ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోనివి ఏవో, అవసరమైతే సర్దుకుపోగలిగినవి ఏవో గుర్తు పెట్టమన్నారు. వాడు చాలాసేపు ఆలోచించాడు. ముందు పగటి మగతకు గుర్తు పెట్టి, కొట్టేసి, కాళ్ళ అస్థిమితానికి పెట్టాడు. నేనైతే బరువుకు పెట్టేదాన్ని, వాడు దాని జోలికే పోలేదు. లైంగిక సమస్యల దగ్గరకు వచ్చేసరికి నన్ను కాసేపు బయట కూర్చోమన్నారు. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, తెలియనవసరం లేదు. రిస్పెరిడోన్ వంటి మందులు ప్రొలాక్టిన్ హార్మోనును పెంచుతాయి కాబట్టి మగవారిలో కోరిక తగ్గడం, ఆడవారిలో నెలసరి ఆగిపోవడం అరుదేమీ కాదు. కాని అక్క పక్కనుండగా ఏ తమ్ముడూ ఆ మాట ఎత్తడు, అడగని డాక్టరు దృష్టిలో ఆ సమస్య లేనట్టే లెక్క.

సిగరెట్ల గురించి కూడా అడిగారు. నీతులు చెప్పడానికేమో అనుకున్నాను, కాని అసలు కారణం వేరు: పొగాకు పొగ వల్ల ఈ జబ్బుకే వాడే ఓలాంజపైన్, క్లోజపైన్ వంటి మందులు శరీరంలో త్వరగా ఖర్చైపోతాయట, ఉన్నట్టుండి సిగరెట్లు మానేస్తే అదే మోతాదు ఎక్కువై కూర్చుంటుందట.

ఇంత తీరికగా అడగడం ఎందుకని విసుక్కునేవారు ఒక్క విషయం గమనించాలి. అమెరికాలో ప్రభుత్వ నిధులతో జరిగి 2005లో ఫలితాలు వెలువడిన, స్కిజోఫ్రీనియా మందులను పోల్చి చూసిన క్యాటీ అనే అధ్యయనంలో 1,493 మంది రోగులు చేరితే, వారిలో 74 శాతం మంది 18 నెలలు నిండకముందే తమకు మొదట ఇచ్చిన మందును ఏదో ఒక కారణంతో వదిలేశారు. అందులో అన్నిటికంటే ఎక్కువ కాలం నిలిచిన మందు ఓలాంజపైన్, అన్నిటికంటే ఎక్కువగా బరువు పెంచిందీ అదే. ఇక ఏది మంచి మందో పట్టికలు చూసి తేల్చడం ఎలా? మాటలు వినిపించడం తగ్గిందా, మళ్ళీ ఆసుపత్రిలో చేర్చే అవసరం పడిందా అన్నవి డాక్టరు చూసే కొలతలు, అవి తప్పు కూడా కావు. పొద్దున్నే లేవగలుగుతున్నానా, పనిలో కుదురుగా కూర్చోగలుగుతున్నానా అన్నవి మా తమ్ముడి కొలతలు. ఈ రెండు రకాల కొలతలనూ ఒకే కాగితం మీద పెట్టి చూడటంలోనే ఈ సేవ ప్రత్యేకత ఉంది.

ఇంజెక్షన్ విషయంలో నాకు ఆశ్చర్యం ఎదురైంది. నెలల పాటు పనిచేసే ఇంజెక్షన్లను మందులు ఎగ్గొట్టేవారికి వేసే శిక్షగా చూసే ధోరణి చాలా మందిలో ఉంది, డాక్టర్లు అందుకు మినహాయింపు కాదు. వాడు ససేమిరా అంటాడనే నేనూ అనుకున్నాను. వాడే కావాలన్నాడు. రోజూ రాత్రి ‘మాత్ర వేసుకున్నావా’ అని నేను అడగడం వాడికి ఎంత చిన్నతనంగా ఉండేదో ఆ గదిలోనే మొదటిసారి విన్నాను. అప్పటికే రిస్పెరిడోన్ తక్కువ మోతాదులో పడుతోందని తేలింది గనుక, శరీరంలో దాని నుంచే తయారయ్యే పాలిపెరిడోన్‌ను ఎంచుకున్నారు. మూత్రపిండాల పరీక్ష చేయించి, మొదటి రెండు డోసులు వారం ఎడంతో భుజానికి, ఆ తరువాత నెలకొకటి చొప్పున వేస్తున్నారు. దీని లోటునూ ముందే చెప్పారు: మాత్ర పడకపోతే మర్నాడే మానేయవచ్చు, ఒంట్లోకి వెళ్ళిన ఇంజెక్షన్‌ను వెనక్కి తీయలేము, దాని ప్రభావం తగ్గడానికి నెలలు పడుతుంది. ఈ మాట సంతకం పెట్టించుకోవడానికి ముందే చెప్పినందుకు వారిని మెచ్చుకోవాలి.

కోరిక అడగడం వేరు, అడిగినదల్లా ఇవ్వడం వేరు. ఒక దశలో వాడు మందులన్నీ ఆపేస్తానన్నాడు. డాక్టరమ్మ బెదిరించలేదు, అలాగని సరేననీ అనలేదు. మొదటిసారి జబ్బుపడి కోలుకున్నవారిని ఐదేళ్ళు గమనించి 1999లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మందు ఆపినవారికి జబ్బు తిరగబెట్టే ముప్పు దాదాపు ఐదు రెట్లు ఎక్కువగా కనిపించిందని చెప్పారు. ఆపాలనే కోరిక వెనుక ఏ బాధ ఉందని అడిగితే, సాయంత్రాలు మెదడు మొద్దుబారినట్టు ఉంటోందన్నాడు. దాన్ని తగ్గించే మార్గాలు ముందు చూద్దామని, అప్పటికీ ఆపాలనే అనిపిస్తే ఒక్కసారిగా కాకుండా తమ కళ్ళ ముందే మెల్లమెల్లగా తగ్గిద్దామని ఒప్పందం కుదిరింది. ప్రస్తుతం వాడు ఇంజెక్షన్ కొనసాగిస్తున్నాడు.

మార్కులు ఎక్కడ తగ్గించానంటే, మొదటిది ఇంజెక్షన్ గది. తలుపు వేయరు, పేరూ మందు పేరూ వరండా అంతా వినపడేలా పిలుస్తారు. లోపల అంత గుట్టు పాటించిన విభాగం బయట ఇలా ఎందుకు చేస్తుందో అర్థం కాదు. రెండోది ఇంతకంటే పెద్ద లోపం. డాక్టరమ్మ సెలవులో ఉన్నప్పుడు చూసిన జూనియర్ డాక్టరు పాత రెండు ప్రశ్నలే అడిగి, నిద్ర సరిగ్గా లేదన్న ఒక్క మాటకు పగలంతా మగతగా ఉంచే మాత్ర ఒకటి చేర్చబోయారు. వాడు గుర్తులు పెట్టిన కాగితం కేసు ఫైలులో లేదు, డాక్టరమ్మ సొంత పుస్తకంలో ఉందట. నేను గట్టిగా అడిగాక దాని నకలు ఫైలులో పెట్టారు. రోగి ఇష్టాలు ఒక్క డాక్టరు జ్ఞాపకం మీద ఆధారపడి ఉంటే, ఆమె బదిలీ అయిన రోజున అంతా మళ్ళీ మొదటికే వస్తుంది.

వెళ్ళదలచినవారు ఇంతవరకు వాడిన మందుల చీటీలన్నీ తీసుకువెళ్ళాలి. ప్రతి మందు పక్కన అది ఎందుకు ఆపాల్సి వచ్చిందో రోగి చేతే రాయిస్తే లోపల సమయం కలిసివస్తుంది. గుర్తులు పెట్టిన కాగితం ఫైలులో చేరిందో లేదో అక్కడే చూసుకోవాలి. మందుల సమీక్షకు తక్కువలో తక్కువ ఒక పూట పడుతుంది, కాబట్టి చీటీ మీద సంతకం మాత్రమే కావలసినవారికి మామూలు ఓపీయే నయం.