సెల్టా సర్టిఫికెట్: థాయ్‌లాండ్‌లో ఏడేళ్ల వాడకం తరువాత

విదేశంలో ఇంగ్లీషు బోధించే కొలువు దొరుకుతుందన్న ఆశతో, గుంటూరులో జూనియర్ కళాశాల ఉద్యోగం మానేసి, 2015 ఎండాకాలంలో నేను సెల్టా చేశాను. పెద్దలకు ఇంగ్లీషు బోధించడంలో శిక్షణనిచ్చి కేంబ్రిడ్జ్ ఇచ్చే ఆ సర్టిఫికెట్‌ను థాయ్‌లాండ్‌లో ఏడు విద్యాసంవత్సరాలు వాడిన మీదట రాస్తున్న సమీక్ష ఇది. రుసుము, నెల రోజుల బస, భోజనాలు కలిపి నాకు రెండు లక్షలకు కాస్త తక్కువ ఖర్చయింది. ఆ సొమ్ము పెట్టి ఉద్యోగం కొనుక్కుంటున్నానని అప్పట్లో అనుకున్నాను.

కోర్సు మాత్రం గట్టిది. మొత్తం 120 గంటల శిక్షణలో నాలుగు రాతపనులు, శిక్షకుల కళ్లెదుట ఆరు గంటల బోధన ఉంటాయి. ఆ బోధన కూడా తోటి అభ్యర్థుల మీద కాక, నిజంగా ఇంగ్లీషు నేర్చుకోవడానికి వచ్చిన పెద్దల మీద సాగుతుంది. ఎనిమిదేళ్లు పాఠం చెప్పిన నాకు తొలిరోజే తగిలిన దెబ్బ ఏమిటంటే, నలభై నిమిషాల తరగతిలో ముప్పై నిమిషాలు నేనే మాట్లాడానని వెనుక కూర్చున్న శిక్షకురాలు గడియారం పెట్టి లెక్కగట్టి చూపించడం. ‘అర్థమైందా?’ అని అడగడం మానిపించి, అర్థమైందో లేదో బయటపడే ప్రశ్న వేయడం అక్కడే నేర్పారు. ‘అతను ఇక్కడ పదేళ్లుగా ఉంటున్నాడు’ అన్న వాక్యం చెప్పాక ‘ఇప్పుడూ ఇక్కడే ఉన్నాడా?’ అని అడగాలన్నమాట. ఇంత చిన్న సంగతి మన బోధనలో ఎవరూ చెప్పకపోవడం నాకు ఇప్పటికీ వింతగానే తోస్తుంది.

ఉద్యోగాల వేట మొదలుపెట్టాక కథ మారింది. ప్రకటనల్లో సగానికి పైగా ‘నేటివ్ స్పీకర్లు మాత్రమే’ అన్న షరతు ఉండేది. దాని అర్థం ఇంగ్లీషు ఎంత బాగా వచ్చన్నది కాదు, పాస్‌పోర్టు ఏ దేశానిదన్నది. దక్షిణ కొరియా విదేశీ భాషా బోధకులకిచ్చే తన ఇ-2 వీసాను మామూలుగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్, దక్షిణాఫ్రికా పౌరులకే ఇస్తుంది. 2010లో అమలులోకి వచ్చిన భారత–కొరియా ఒప్పందం మనవారికి సహాయ ఉపాధ్యాయ పదవికి కొంత దారి తెరిచినా, దానికి ఉపాధ్యాయ అర్హత ఉండాలి; ఆ స్థానంలో సెల్టా చెల్లదు. అందువల్ల నాకు థాయ్‌లాండ్ మిగిలింది. అక్కడ బడులు మే నెలలో తెరుస్తారు కనుక నియామకాలు మార్చి, ఏప్రిల్ నెలల్లో జోరుగా సాగుతాయి. నేను జూన్‌లో దరఖాస్తులు పంపి నవంబరులో మొదలయ్యే రెండో టర్మ్ దాకా ఎదురుచూశాను.

చివరకు పిలిచిన బడి అడిగిన పత్రాలలో సెల్టా లేనే లేదు. డిగ్రీ, అది నిజమైనదేనని విశ్వవిద్యాలయం ఇచ్చే ధ్రువీకరణ, పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చే పోలీస్ క్లియరెన్స్, ఇంగ్లీషు మాతృభాష కానివారిని అడిగే టోయిక్ అనే ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్షలో 990కి కనీసం 600 మార్కులు, ఇంతే. వీసా వచ్చాక కూడా బడిలో పాఠం చెప్పడానికి ఉపాధ్యాయ మండలి అనుమతి కావాలి. ఆ మండలి పేరు ‘ఖురుసఫా’. విడమరిచి చూస్తే మన ‘గురుసభ’. పేరు చూసి చుట్టాలింటికి వచ్చినట్టు మురిసిపోయాను గాని, నా సెల్టాకు అక్కడ దక్కింది తాత్కాలిక అనుమతే. నాతో పనిచేసిన కాకినాడ ఆవిడకు బి.ఎడ్. ఉండడం వల్ల ఆమె దారి నాకంటే సుగమమైంది.

జీతం సంగతి దాచడం ధర్మం కాదు. నాకు మొదటి ఏడాది నెలకు 22,000 బాత్‌లు ఇచ్చారు. అదే స్టాఫ్ రూమ్‌లో, ఏ బోధనా సర్టిఫికెట్టూ లేని ఒక ఆంగ్లేయ యువకుడికి 38,000 ఇచ్చారు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన సహోద్యోగులదీ నా పరిస్థితే. నన్ను చేర్చిన ఏజెన్సీ పదకొండు నెలల ఒప్పందం రాసి ఏప్రిల్ జీతం ఎగవేసింది. రెండో ఏడు నేరుగా బడితోనే ఒప్పందం చేసుకున్నాను.

ఇక తరగతి గదిలో ఈ కోర్సు పనికివచ్చిందా అంటే, వచ్చింది, కాని సవరించుకున్నాకే. సెల్టాలో నా ఎదుట పన్నెండు మంది పెద్దలుండేవారు, బడిలో నలభై ఎనిమిది మంది పిల్లలు. జంటలుగా మాట్లాడించే పద్ధతి మొదటి టర్మ్‌లో గోలగా తేలిపోయింది. వరుసలవారీగా పంచుకున్నాక కుదిరింది. నిజమైన లాభం ఉచ్చారణ దగ్గర కనిపించింది. మనది అజంత భాష కనుక మన నోట ‘బస్’ కాస్తా ‘బస్సు’ అవుతుంది. థాయ్ పిల్లల నోట అదే మాట ‘బట్’ లాగా ముగుస్తుంది. పదాల చివర నేను అచ్చులు తగిలిస్తున్నానని కోర్సులో పట్టుకుని దిద్దారు కాబట్టి, వాళ్ల లోపం నాకు వెంటనే వినబడేది. జూన్‌లో ఒక గురువారం జరిగే గురుపూజనాడు ఆ పిల్లలే గరిక, నూరువరహాలు, వంగపూలు తెచ్చి చేతికిస్తే, సగం జీతం మీద పట్టింపు ఆ పూటకు పోయేది.

మూడో ఏడు తరువాత సాయంత్రాలు ఒక భాషా కేంద్రంలో పెద్దలకు పాఠాలు చెప్పాను. సెల్టా ఉందా అని నన్ను అడిగిన మొదటి యజమాని ఆ కేంద్రం యజమానే. గంటకు ఇచ్చేది బడి జీతం లెక్కన రెట్టింపు కంటే ఎక్కువ కావడంతో, కోర్సు ఖర్చు ఏడాదిన్నరలో తిరిగి వచ్చింది.

మొన్న మా మేనల్లుడు ఇదే కోర్సులో చేరతానంటే, ముందు టోయిక్ రాసి, డిగ్రీ ధ్రువీకరణ తెప్పించుకుని, మార్చి మొదటి వారానికల్లా దరఖాస్తులు పంపమన్నాను. సెల్టా బ్యాంకాక్‌లోనూ జరుగుతుంది. తొలి ఏడాది జీతంలోంచి దాచుకుని అక్కడే చేయవచ్చు.