హంటర్ 350 కొత్త క్లచ్: తేలికైన లివరు, మళ్ళీ నేర్చుకోవలసిన చేయి

రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350 మొదట 2022 ఆగస్టులో మార్కెట్లోకి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో దానికి చేసిన మార్పులలో ఎల్‌ఈడీ హెడ్‌లైటు, టైప్-సి ఛార్జింగు, మెరుగుపడిన వెనుక సస్పెన్షన్ ఎక్కువగా చర్చకు వచ్చాయి. రోజూ హైదరాబాదు ట్రాఫిక్‌లో బండి నడిపే మనిషిగా నాకు మాత్రం వాటన్నిటికంటే ముఖ్యమైనదిగా తోచింది క్లచ్. ఈ బండికి ఇప్పుడు స్లిప్-అసిస్ట్ క్లచ్ ఇస్తున్నారు. ఈ సమీక్షను ఆ ఒక్క విషయానికే పరిమితం చేస్తున్నాను, ఎందుకంటే కొత్త బండి కొన్నవారిని మొదటి వారాలలో సంతోషపెట్టేదీ, విసిగించేదీ చాలావరకు ఎడమ చేతి కింద ఉన్న ఆ లివరే.

ముందుగా దాని పనితీరు చెప్పాలి. మామూలు క్లచ్‌లో ప్లేట్లు జారకుండా అదిమి పట్టే భారమంతా స్ప్రింగులదే. ఇంజిన్ టార్క్ (తిప్పే బలం) ఎక్కువయ్యే కొద్దీ స్ప్రింగులు గట్టిగా ఉండాలి, స్ప్రింగులు గట్టిపడితే లివరు కూడా గట్టిపడుతుంది. స్లిప్-అసిస్ట్ క్లచ్‌లో లోపలి హబ్బుకూ, ప్లేట్లను అదిమే ప్రెషర్ ప్లేటుకూ ఏటవాలు అంచులు ఉంటాయి. ఇంజిన్ చక్రాన్ని లాగుతున్నప్పుడు ఆ అంచులు ఒకదానిపై ఒకటి ఒరిసి ప్లేట్లను మరింత దగ్గరకు లాగుతాయి కాబట్టి, మెత్తని స్ప్రింగులతోనే పని జరిగిపోతుంది, లివరు తేలికవుతుంది. ఇది అసిస్ట్ గుణం. పెద్ద గేరు నుంచి చిన్న గేరుకు ఒక్కసారిగా దిగినప్పుడు చక్రమే ఇంజిన్‌ను తిప్పబోతుంది. అప్పుడు అవే అంచులు ఎదురు దిశలో పనిచేసి ప్లేట్లను కొద్దిగా ఎడం చేస్తాయి. వెనుక చక్రం కీచుమని ఈడ్చుకుపోకుండా ఉండేది అందువల్లే. ఇది స్లిప్ గుణం.

ఈ రెండింటిలో నగరవాసికి రోజూ అందే లాభం మొదటిది. సాయంత్రం అమీర్‌పేట నుంచి పంజాగుట్ట మీదుగా మాదాపూర్ వెళ్ళేవారికి క్లచ్ ఎన్నిసార్లు నొక్కి వదలాలో తెలుసు. పాత తరం 350 సీసీ బండ్ల మీద అదే దారిలో ఇంటికి చేరేసరికి బొటనవేలి మొదలూ మణికట్టూ లాగడం మామూలు. కొత్త హంటర్ మీద ఆ నొప్పి లేదని నిస్సంకోచంగా చెప్పగలను. చేతి కీళ్ళ నొప్పులున్నవారికీ, చిన్న చేతులున్నవారికీ ఇది చిన్న సంగతి కాదు. అయితే చేతులు చిన్నవైతే బుక్ చేసే ముందు షోరూములో బండి మీద కూర్చుని, లివరు చివరిదాకా వేళ్ళు సులువుగా అందుతున్నాయో లేదో చూసుకోవాలి. లివరు ఎంత తేలికైనా, అందనప్పుడు ప్రయోజనం ఉండదు.

ఇక అలవాటు విషయం. లివరు తేలికగా ఉంటే నడపడం కూడా వెంటనే తేలికవుతుందని చాలామంది అనుకుంటారు. నా అనుభవం వేరు. గట్టి క్లచ్‌లో పట్టు ఎక్కడ మొదలవుతుందో స్ప్రింగు ఒత్తిడే వేళ్ళకు చెబుతుంది. తేలికైన క్లచ్‌లో ఆ కబురు మంద్రంగా అందుతుంది కాబట్టి, మొదట్లో వేళ్ళు దాన్ని దాటిపోతాయి. సిగ్నల్ దగ్గర బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోతే అది క్లచ్ లోపమని వెంటనే అనుకోనక్కరలేదు. చెయ్యి ఇంకా ఆ చోటును గుర్తుపట్టలేదంతే.

వంద సీసీ బండి నుంచి వచ్చేవారికి ఇది మరింత వర్తిస్తుంది, మన ఊళ్ళలో ఎక్కువమంది వచ్చేది అక్కడి నుంచే. స్ప్లెండర్ ప్లస్ ఇంజిన్ 97.2 సీసీ, దాని గరిష్ఠ టార్క్ 8.05 న్యూటన్ మీటర్లు, అదీ 6000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర. హంటర్‌లోని 349 సీసీ ఇంజిన్ 4000 ఆర్‌పీఎం దగ్గరే 27 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. చిన్న బండి మీద ముందు యాక్సిలరేటర్ పెంచి, ఆ శబ్దం వింటూ క్లచ్ వదలడం అలవాటై ఉంటుంది. హంటర్ మీద అలా చేస్తే బండి ముందుకు దూకుతుంది. దీని పిస్టన్ స్ట్రోక్ (పిస్టన్ ఒక కొస నుంచి మరో కొసకు కదిలే దూరం) 85.8 మిల్లీమీటర్లు, సిలిండర్ వ్యాసం 72 మిల్లీమీటర్లే. పొడవైన స్ట్రోక్ ఉన్న ఇలాంటి ఇంజిన్‌కు కింది వేగంలోనే బలం ఉంటుంది కాబట్టి, సమతలమైన రోడ్డు మీద యాక్సిలరేటర్ అసలు తిప్పకుండా, క్లచ్‌ను నిదానంగా వదిలినా బండి కదులుతుంది. కొత్తవారికి నేను సూచించే సాధన కూడా ఇదే. ఆదివారం ఉదయం ఖాళీగా ఉన్న మైదానంలో యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, క్లచ్ ఒక్కదానితోనే బండిని కదిలించడం, ఆపడం, మళ్ళీ కదిలించడం. పట్టు మొదలయ్యే చోటును చెవితో కాకుండా వేళ్ళతో పసిగట్టడం దీనివల్ల అలవడుతుంది.

గేర్ల అమరిక కూడా ఈ తడబాటును పెంచుతుంది. స్ప్లెండర్‌లో నాలుగు గేర్లూ ముందుకు నొక్కితేనే పడతాయి. హంటర్‌లో మొదటి గేరు కిందికి, మిగిలిన నాలుగూ పైకి. పాత అలవాటుతో రెండో గేరు కోసం కిందికి నొక్కేవారు, బండి స్పందించకపోయేసరికి క్లచ్ మీద అనుమానపడతారు. కాలు సరిగ్గా నేర్చుకున్న తర్వాతే చేతి గురించి తీర్పు చెప్పడం న్యాయం.

వేళ్ళ సంగతి ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. లివరు తేలికైంది కదా అని రెండు వేళ్ళతో నొక్కడం చాలామందికి అలవాటవుతోంది. అప్పుడు మిగిలిన రెండు వేళ్ళూ లివరుకూ హ్యాండిల్‌కూ మధ్య అడ్డుపడి, క్లచ్ పూర్తిగా విడిపోదు. ప్లేట్లు కొద్దిగా రాసుకుంటూనే ఉంటాయి, గేరు టక్కుమని పడుతుంది, ఆగి ఉన్నప్పుడు న్యూట్రల్ దొరకదు. నాలుగు వేళ్ళతో చివరిదాకా నొక్కి చూడండి, న్యూట్రల్ గురించిన ఫిర్యాదుల్లో సగం అక్కడే తీరిపోతాయని నా నమ్మకం. బండి పూర్తిగా ఆగకముందే, నెమ్మదిగా దొర్లుతుండగానే న్యూట్రల్‌కు రావడం ఇంకా మంచి పద్ధతి.

కొత్త బండిలో మారేది చెయ్యి ఒక్కటే కాదు, క్లచ్ కూడా మారుతుంది. మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో ప్లేట్లు ఒకదానితో ఒకటి సర్దుకుంటాయి, క్లచ్ వైరు కొద్దిగా సాగుతుంది, దాంతో పట్టు దొరికే చోటు కూడా కాస్త జరుగుతుంది. అందుకే బండి తీసుకున్న మొదటి వారంలోనే వైరు టైట్ చేయించడం, వదులు చేయించడం నాకు నచ్చదు. మొదటి సర్వీసు దాకా ఆగి, అప్పుడు లివరు దగ్గర ఉండవలసిన కొద్ది మిల్లీమీటర్ల వదులు సరిగ్గా ఉందో లేదో మన కళ్ళ ముందే చూపించమని అడగాలి. ఆ వదులు అసలు లేకుండా బిగిస్తే ప్లేట్లు పూర్తిగా కలవవు. క్లచ్ జారి, వేడెక్కి, త్వరగా అరిగిపోతుంది. ఎక్కువ వదులుంటే క్లచ్ పూర్తిగా విడిపోక గేర్లు మొరాయిస్తాయి.

వేసవి గురించి కూడా హెచ్చరించాలి. మే నెల ఎండలో, కదలని ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద బండిని అంగుళం అంగుళం జరుపుతూ ఉంటే ప్లేట్లు బాగా వేడెక్కుతాయి, అప్పుడు పట్టు దొరికే చోటు ఉదయం ఉన్నట్టు ఉండదు. ఈ కొత్త క్లచ్ తేలికగా ఉండటం వల్లే హాఫ్ క్లచ్‌లో ఎక్కువసేపు ఉండిపోయే ప్రమాదం ఉంది, ఎందుకంటే ఆపమని చెప్పడానికి చేతికి నొప్పి రాదు. ముందు కాస్త ఖాళీ ఏర్పడేదాకా న్యూట్రల్‌లో ఆగి, తర్వాత ఒక్కసారిగా కదలడం చేతికీ ప్లేట్లకూ మంచిది. 181 కేజీల బండిని ఎత్తు మీద బ్రేకు బదులు క్లచ్‌తో నిలబెట్టడం అయితే అసలే చేయకూడదు.

రెండో లాభమైన స్లిప్ గుణం నగరంలో పెద్దగా తెలియదు. శ్రీశైలం దారిలో ఈగలపెంట దాటాక ఆనకట్ట వైపు దిగే మలుపుల్లో మాత్రం దాని విలువ స్పష్టంగా కనిపించింది. మూడు నుంచి రెండుకు కొంచెం తొందరపడి దిగినా వెనుక చక్రం తడబడలేదు. అంతమాత్రాన లోయ వైపు దిగుతూ ఇష్టం వచ్చినట్టు గేర్లు మార్చవచ్చని కాదు. ఆ సాంకేతికత తొందరపాటును కొంతే సర్దగలదు.

నూనె విషయంలో రాజీ పనికిరాదు. ఈ క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి పనిచేస్తుంది కాబట్టి, కార్ల కోసం తయారైన, రాపిడి తగ్గించే రసాయనాలు కలిపిన ఆయిల్ పోస్తే ప్లేట్లు జారవచ్చు. డబ్బా మీద జాసో ఎంఏ2 (ఆయిల్‌లో మునిగే క్లచ్ ఉన్న బైకులకు పనికొచ్చే ఆయిల్ అని తెలిపే గుర్తు) అని ఉందో లేదో చూసి, బండితో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన గ్రేడే పోయించాలి.

కొత్తగా కొనేవారికి ఈ క్లచ్ కోసమైనా 2025 ఏప్రిల్ మార్పుల తర్వాతి హంటర్‌నే తీసుకోమని చెబుతాను. షోరూము చుట్టూ ఒక్క చక్కరు కొట్టి నిర్ణయించుకోకుండా, రద్దీ సమయంలో కనీసం నాలుగైదు సిగ్నళ్ళు దాటేలా టెస్ట్ రైడ్ అడగండి. ఇప్పటికే 2022 నుంచి 2024 మధ్య కొన్న హంటర్ ఉన్నవారు మాత్రం కేవలం దీనికోసం బండి మార్చనక్కరలేదు. వాటిలో లివరు మరీ గట్టిగా అనిపిస్తే ముందు క్లచ్ వైరుకు నూనె పట్టించి, హ్యాండిల్ దగ్గర అది ఎక్కడైనా మడతపడి ఒత్తుకుంటోందేమో చూపించండి. వైరు పాతదైతే కొత్తది వేయించండి, ఖర్చు కొద్దే అయినా లివరులో తేడా అదే రోజు తెలుస్తుంది.